ట్యూబింగెన్ సందర్శన: నది ఒడ్డు నుంచి కొండమీది కోట దాకా

కొండమీద కోట ఉన్న జర్మన్ విశ్వవిద్యాలయ పట్టణం అనగానే చాలామందికి హైడెల్‌బర్గ్ గుర్తుకు వస్తుంది. అది చూడదగినదే. అయితే కోటకూ విశ్వవిద్యాలయానికీ ఉన్న బంధాన్ని కళ్లారా చూడాలనుకునేవారికి నేను ముందుగా చెప్పే పేరు ట్యూబింగెన్. నైరుతి జర్మనీలో, స్టుట్‌గార్ట్‌కు దక్షిణంగా, నెకార్ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణ జనాభా సుమారు 90 వేలు కాగా, విద్యార్థుల సంఖ్యే 25 వేలకు పైబడి ఉంటుంది. ఇక్కడి విశ్వవిద్యాలయాన్ని 1477లో కౌంట్ ఎబర్‌హార్డ్ స్థాపించాడు. పట్టణం మీద నిలిచిన హోహెన్‌ట్యూబింగెన్ కోట శిథిలం కాదు, రాజుల సామగ్రిని అద్దాల వెనుక పేర్చిన భవనం మాత్రమే కూడా కాదు. ఇప్పటికీ అందులో పురావస్తుశాస్త్రం వంటి విభాగాలు పనిచేస్తున్నాయి. డీఎన్‌ఏను మానవుడు మొదటిసారి వేరుచేసింది ఈ కోట వంటగదిలోనే.

స్టుట్‌గార్ట్ నుంచి పొద్దున వచ్చి, వంతెన మీద ఫొటో తీసుకుని, మధ్యాహ్నానికి వెళ్లిపోయేవారు ఈ పట్టణంలోని అసలు విషయాన్ని చూడకుండానే వెళ్లిపోతున్నారు. ఒక పూర్తి రోజు కేటాయించి, రాత్రి అక్కడే ఉండి, మరునాడు పరిసరాలు చూసుకుని తిరిగి వచ్చే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

రోజును ఎంచుకోవడం

జర్మన్ విశ్వవిద్యాలయాల్లో వేసవి సెమిస్టర్ తరగతులు ఏప్రిల్ మధ్య నుంచి జూలై చివరి వరకు, శీతాకాల సెమిస్టర్ తరగతులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి వరకు జరుగుతాయి. విద్యార్థులు లేని ట్యూబింగెన్ సగం పట్టణమే కనుక, మే, జూన్, జూలై నెలలు అన్నిటికన్నా అనువైనవి. ఆ నెలల్లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, నది మీద పడవలు నడుస్తాయి, చర్చి మెట్ల మీద విద్యార్థులు కూర్చుని ఉంటారు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో పట్టణం ప్రశాంతంగా ఉంటుంది కానీ ఆ సందడి ఉండదు. చలిని తట్టుకోగలిగినవారికి డిసెంబర్ ఆరంభంలో పాత పట్టణం వీధుల్లో జరిగే చాక్లెట్ ఉత్సవం ఒక ఆకర్షణ.

వారంలో ఏ రోజు వెళ్తున్నామన్నది నెలకన్నా ముఖ్యం. కోటలోని మ్యూజియం సాధారణంగా బుధవారం నుంచి ఆదివారం వరకు తెరిచి ఉంటుంది. నది ఒడ్డున ఉన్న హోల్డర్లిన్ గోపురం, అంటే ఒక జర్మన్ కవి నివసించిన ఇంట్లోని మ్యూజియం, మంగళ, బుధవారాల్లో మూసి ఉంటుంది. రెండూ కుదరాలంటే గురువారం నుంచి ఆదివారం లోపు రావాలి. ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉంటాయి కాబట్టి గురు, శుక్రవారాలే మేలని నా అభిప్రాయం. వేళలు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరే ముందు ఆయా మ్యూజియాల వెబ్‌సైట్లలో సరిచూసుకోవడం తప్పనిసరి.

ప్రయాణ ఏర్పాట్లు

తెలుగు రాష్ట్రాల నుంచి నేరుగా వచ్చేవారికి హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా విమానం 2024 జనవరిలో మొదలైంది. స్వల్పకాలిక షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా ఉండాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి కనుక మే నెలలో వెళ్లదలచినవారు జనవరి, ఫిబ్రవరి నాటికే ఆ పని మొదలుపెట్టడం మంచిది.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే దూరప్రాంత రైళ్ల స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ఐసీఈ వేగరైలులో స్టుట్‌గార్ట్‌కు సుమారు గంటా పావు, అక్కడ రైలు మారి ప్రాంతీయ రైలులో ట్యూబింగెన్‌కు ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. స్టుట్‌గార్ట్ ప్రధాన స్టేషన్ ఏళ్లుగా పునర్నిర్మాణంలో ఉండటంతో ప్లాట్‌ఫారాల మధ్య చాలా దూరం నడవవలసి రావచ్చు. అందువల్ల రెండు రైళ్ల మధ్య కనీసం అరగంట వ్యవధి ఉండేలా చూసుకోండి. స్టుట్‌గార్ట్ విమానాశ్రయంలో దిగేవారు స్టేషన్‌కు వెళ్లనక్కరలేకుండా నేరుగా ట్యూబింగెన్ బస్సు ఎక్కవచ్చు.

టికెట్ల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లలో, బస్సుల్లో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ నెలవారీ చందా పద్ధతిలో ఉంటుంది, ఐసీఈలో చెల్లదు. 2026 జనవరి నుంచి దాని ధర 63 యూరోలు. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామంది దగ్గర అది ఉంటుంది. వారిని చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం ట్యూబింగెన్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రపు ఒక్కరోజు టికెట్ లాభసాటి. ఒకే టికెట్ మీద ఐదుగురి వరకు ప్రయాణించవచ్చు, మనిషి పెరిగేకొద్దీ కొద్ది మొత్తమే అదనం. పనిదినాల్లో అది ఉదయం తొమ్మిది గంటల తర్వాతే చెల్లుతుందన్న సంగతి మరవకూడదు.

మొదటి మజిలీ: నెకార్ వంతెన, దాని కింది దీవి

స్టేషన్ నుంచి పాత పట్టణానికి బస్సు అవసరం లేదు. పది నిమిషాలు కూడా నడవకముందే నెకార్ వంతెన చేరుకుంటారు. వంతెన మధ్యలో ఆగి ఎడమవైపు చూస్తే, నది అంచున ఒకదానికొకటి ఆనుకుని నిలబడిన రంగురంగుల ఇళ్లు, వాటి మీదుగా చర్చి శిఖరం, ఒడ్డున విల్లో చెట్ల మధ్య పసుపు రంగు గుండ్రటి గోపురం కనిపిస్తాయి. వంతెన మధ్య నుంచే మెట్లు దిగితే నదిలోని పొడవాటి సన్నని దీవి మీదికి చేరతాం. అక్కడ రెండు వరుసల్లో పెరిగిన పాత చినార్ జాతి చెట్ల బాటలో కాసేపు నడిస్తే పట్టణమంతా ఎదుటి ఒడ్డున పరుచుకుని ఉంటుంది. ఈ దృశ్యాన్ని ఉదయం పూట చూడటం మంచిది, అప్పుడు జనం తక్కువగా ఉంటారు.

ఇక్కడి పడవలను ష్టోఖర్‌కాన్ అంటారు. అడుగు చదునుగా, సన్నగా, పొడవుగా ఉండే ఈ పడవ వెనుక భాగంలో ఒకరు నిలబడి, పొడవైన గడను నది అడుగున నొక్కుతూ ముందుకు నడుపుతారు. మన గోదావరి లంకల్లో గడవేసి నడిపే పడవలను చూసినవారికి ఆ పని కొత్తగా అనిపించదు. వసంతం నుంచి శరదృతువు ఆరంభం దాకా, సుమారు గంటసేపు దీవి చుట్టూ తిప్పే ప్రయాణాలు దొరుకుతాయి. వంతెన దగ్గర మనిషికి ఇంత అని ఇచ్చి ఇతరులతో కలిసి ఎక్కవచ్చు, లేదా పడవ మొత్తాన్ని ముందుగా మాట్లాడుకోవచ్చు. కార్పస్ క్రిస్టీ అనే క్రైస్తవ పండుగనాడు, అంటే మే చివర్లో గానీ జూన్‌లో గానీ వచ్చే ఒక గురువారం, విద్యార్థి బృందాల మధ్య పడవ పందెం జరుగుతుంది. ఓడిన జట్టులో ప్రతి ఒక్కరూ అర లీటరు కాడ్ చేప కాలేయ నూనె తాగాలన్నది ఆనవాయితీ. ఆ రోజు ఒడ్డు కిక్కిరిసిపోతుంది. గదులు దొరకడం కష్టం కనుక పందెం చూడాలనుకునేవారు నెలల ముందే ఏర్పాటు చేసుకోవాలి.

రెండవ మజిలీ: హోల్డర్లిన్ గోపురం, బుర్జె, ష్టిఫ్ట్

వంతెన దాటి నది వెంబడి పడమరకు నడిస్తే, వంతెన మీది నుంచి చూసిన పసుపు గోపురం వస్తుంది. జర్మన్ భాషలోని గొప్ప కవుల్లో ఒకడైన ఫ్రీడ్రిక్ హోల్డర్లిన్ మానసిక అనారోగ్యానికి గురై, పక్కనే ఉన్న వైద్యశాలలో 1806 నుంచి 1807 వరకు చికిత్స పొందాడు. కోలుకునే ఆశ లేదని వైద్యులు తేల్చిన తరువాత, ఆయన రచనలను అభిమానించిన వడ్రంగి ఎర్న్‌స్ట్ జిమ్మర్ ఆయనను తన ఇంటికి తెచ్చుకున్నాడు. 1843లో కన్నుమూసే దాకా 36 ఏళ్లు కవి ఈ ఇంట్లోనే, నదికి ఎదురుగా ఉన్న గదిలో గడిపాడు. ఒక వడ్రంగి కుటుంబం ఒక కవిని అన్నేళ్లు కనిపెట్టుకుని చూసుకుందన్న సంగతి తెలిసి ఆ గదిలోకి అడుగుపెట్టడం వేరు, తెలియకుండా వెళ్లడం వేరు. 1875లో పాత గోపురం కాలిపోగా మళ్లీ కట్టారు. మ్యూజియంలో ప్రవేశం ఉచితం.

ఆ వైద్యశాల నడిచిన భవనమే పక్కనున్న బుర్జె. విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో, 1478లో మొదలుపెట్టి కట్టిన ఈ భవనంలో విద్యార్థులు బస చేసి చదువుకునేవారు. మత సంస్కరణోద్యమ నాయకుల్లో ఒకడైన మెలాంక్‌తోన్ యువకుడిగా ఇక్కడ పాఠాలు చెప్పాడు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే ఎవాంజెలికల్ ష్టిఫ్ట్ వస్తుంది. పాత అగస్టీనియన్ మఠంలో నెలకొన్న ఈ సంస్థను 1536లో డ్యూక్ ఉల్రిక్ స్థాపించాడు. ప్రతిభ ఉన్న పేద విద్యార్థులకు భోజనం, వసతి ఇచ్చి మతాచార్యులుగా తీర్చిదిద్దడం దాని ఉద్దేశం. ఆ అన్నం తిని చదువుకున్నవారిలో కెప్లర్ ఒకడు. 1589లో ఇక్కడ చేరిన ఆయనకు కోపర్నికస్ సిద్ధాంతాన్ని పరిచయం చేసింది ఇక్కడి గణిత, ఖగోళ ఆచార్యుడు మెస్ట్లిన్. రెండు శతాబ్దాల తరువాత తత్వవేత్తలు హెగెల్, షెల్లింగ్, కవి హోల్డర్లిన్ ముగ్గురూ ఇక్కడే సహాధ్యాయులై ఒకే గదిలో ఉన్నారు. ఇది నేటికీ విద్యార్థులు నివసించే చోటు. ముంగిలి దాకా వెళ్లి చూడవచ్చు గానీ, గుంపులుగా గట్టిగా మాట్లాడుకోవడం, కిటికీల్లోకి కెమెరాలు పెట్టడం తగదు.

ఈ విద్యాలయంలోనే చదివి, తరువాత హీబ్రూ, ఖగోళశాస్త్ర ఆచార్యుడైన విల్‌హెల్మ్ షికార్డ్ 1623లో ఒక లెక్కల యంత్రాన్ని రూపొందించి, దాని గురించి కెప్లర్‌కు లేఖలు రాశాడు. అసలు యంత్రం మిగలలేదు. ఆ లేఖలు, చిత్రాల ఆధారంగా 1960లో ట్యూబింగెన్‌లోనే దాన్ని తిరిగి నిర్మించారు. కంప్యూటర్ సైన్సు చదువుకోవడానికి జర్మనీకి వచ్చే మన విద్యార్థులు ఈ పేరు తెలుసుకుని ఉండటం బాగుంటుంది.

మూడవ మజిలీ: చర్చి, పుస్తకాల దుకాణం, మార్కెట్ కూడలి

ష్టిఫ్ట్ నుంచి పైకి ఎక్కి మ్యుంజ్‌గాసె వీధిలో తూర్పుకు నడవండి. పాత విశ్వవిద్యాలయ భవనాలు, తప్పు చేసిన విద్యార్థులను విశ్వవిద్యాలయమే బంధించిన చిన్న జైలు గది, 1797లో జర్మన్ మహాకవి గేథే బస చేసిన కోటా ప్రచురణకర్తల ఇల్లు అన్నీ ఈ ఒక్క వీధిలోనే ఉన్నాయి. జైలు గదిని ఏర్పాటు చేసిన గైడ్ పర్యటనల్లో మాత్రమే చూపిస్తారు. వీధి చివర 15వ శతాబ్దపు ష్టిఫ్ట్ చర్చి నిలబడి ఉంటుంది. గర్భాలయం వంటి తూర్పు భాగంలో ఈ ప్రాంతాన్ని ఏలిన వుర్టెంబర్గ్ పాలకుల సమాధులు, వాటి మీద పడుకున్న భంగిమలో చెక్కిన నిలువెత్తు శిల్పాలు ఉన్నాయి. విశ్వవిద్యాలయ స్థాపకుడు ఎబర్‌హార్డ్ సమాధి కూడా అక్కడే ఉంది. గోపురం ఎక్కే వీలున్న రోజైతే తప్పక ఎక్కండి. ఒకవైపు నెకార్ లోయ, మరోవైపు అమ్మర్ లోయ, రెంటి మధ్య ఇరుకైన వెన్నుగట్టు మీద కోట ఎలా కూర్చుందో ఆ ఎత్తు నుంచి స్పష్టంగా అర్థమవుతుంది.

చర్చి ఎదుట హోల్జ్‌మార్క్ట్ కూడలిలో హెకెన్‌హావర్ పుస్తకాల దుకాణం ఉంది. జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే 1895 నుంచి 1899 వరకు ఇక్కడ పుస్తక విక్రయంలో శిక్షణ పొంది, పనిచేశాడు. ఆయన తాత హెర్మన్ గుండర్ట్ ట్యూబింగెన్‌లోనే చదువుకుని 1836లో భారతదేశానికి వచ్చాడు. కొంతకాలం మన చిత్తూరులో ఉండి, 1838లో మంగళూరుకూ, ఆ తరువాత కేరళకూ వెళ్లి, మలయాళ నిఘంటువును 1872లో వెలువరించాడు. ఆయన సేకరించిన వ్రాతప్రతులు ఇప్పుడు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి, వాటిని డిజిటల్ రూపంలో అందరికీ అందుబాటులో పెట్టారు. ఆ కూడలిలో నిలబడినప్పుడు ఒక తెలుగు యాత్రికుడికి ఈ సంబంధం తెలిసి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కొంచెం దిగితే మార్కెట్ కూడలి. 1435లో కట్టిన టౌన్‌హాల్ ముఖభాగం మీద కనిపించే చిత్రాలు మాత్రం విశ్వవిద్యాలయ 400వ వార్షికోత్సవ సందర్భంగా 19వ శతాబ్దంలో వేసినవి. పైభాగంలోని ఖగోళ గడియారాన్ని 1511లో ఇక్కడి ఆచార్యుడు యోహానెస్ ష్టోఫ్లర్ రూపొందించాడు. చంద్రకళలను, రాశులను చూపే ఆ గడియారంలో డ్రాగన్ ఆకారపు ముల్లు ఒకటి ఉంది. చంద్రుడి మార్గం సూర్యుడి మార్గాన్ని ఖండించే బిందువులను, అంటే మన పంచాంగాలు రాహుకేతువులని పిలిచే స్థానాలను, ఆ ముల్లు సూచిస్తుంది.

మధ్యాహ్న భోజనానికి ఇదే సరైన చోటు. ఈ ప్రాంతాన్ని ష్వాబియా అంటారు, ఇక్కడి వంటలో పిండి వంటకాలదే పైచేయి. శాకాహారులు కేజెష్పెట్జ్‌లె అడగవచ్చు. గుడ్డు కలిపిన పిండితో చేసిన మెత్తటి నూడుల్స్ మీద చీజ్, వేయించిన ఉల్లిపాయ వేసి ఇస్తారు. గుడ్డు తినని వారికి ఇది పనికిరాదు. మావుల్‌టాషెన్ అనే పెద్ద కజ్జికాయ వంటి వంటకంలో మామూలుగా మాంసం ఉంటుంది, కూరగాయలతో చేసినది ఉందేమో అడగాలి, అది మాంసపు రసంలో వడ్డించేదా అన్నది కూడా అడగాలి. పప్పుతో కలిపి ఇచ్చే ష్పెట్జ్‌లెలో సాసేజ్ ఉంటుంది కనుక అది లేకుండా ఇమ్మని ముందే చెప్పండి. టీ, కాఫీ చేతపట్టుకుని నడిచేవారు ఒక విషయం గమనించాలి: ఒకసారి వాడి పారేసే కప్పులు, డబ్బాల మీద ట్యూబింగెన్ పురపాలక సంఘం 2022 జనవరి నుంచి పన్ను వేస్తోంది, దాన్ని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కూడా సమర్థించింది. దుకాణం ఇచ్చే తిరిగి వాడే కప్పు తీసుకుని వాపసు చేస్తే ఆ భారం ఉండదు.

నాలుగవ మజిలీ: కోట

కోటను చివరికి ఉంచడానికి కారణం ఉంది. కింద చూసిన మనుషులు, పుస్తకాలు, పరికరాలు మనసులో ఉంటేనే పైన ఉన్నవాటికి విలువ తెలుస్తుంది. మార్కెట్ కూడలి నుంచి బుర్గ్‌ష్టైగె అనే రాళ్లు పరిచిన ఏటవాలు వీధి వెంట పది నిమిషాలు ఎక్కాలి. ఎత్తు పెద్దదేమీ కాదు గానీ, వానలో రాళ్లు జారతాయి. పట్టున్న బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్లేటప్పుడు మధ్యలో ఆగుతూ, తొందరపెట్టకుండా తీసుకువెళ్లాలి. చక్రాల కుర్చీకి ఈ దారి అనుకూలం కాదు.

1078లోనే ప్రస్తావనకు వచ్చిన కోట ఇది. ఇప్పుడు కనిపించే భవనాలు ప్రధానంగా 16వ శతాబ్దానివి. మొదట ఎదురయ్యే అలంకృత ద్వారాన్ని 17వ శతాబ్దం తొలి ఏళ్లలో కట్టారు. దాని మీద రాజచిహ్నం చుట్టూ ఇంగ్లండ్‌కు చెందిన గార్టర్ బిరుదు నినాదం చెక్కి ఉంటుంది, ఆ బిరుదు పొందిన డ్యూక్ ఫ్రీడ్రిక్ తన గర్వాన్ని రాతిలో అలా నిలిపాడు. ముప్పై ఏళ్ల యుద్ధంలో, 1647లో, ఫ్రెంచి సేనలు ఒక మూల బురుజును పేల్చివేశాయి. ముంగిలిలోకీ, బురుజుల మీదికీ ప్రవేశం ఉచితం, మ్యూజియానికి మాత్రమే టికెట్.

ముంగిలిలోకి రాగానే పాత వంటగది ఎక్కడుందో చూసుకుని ముందు అక్కడికే వెళ్లమని నా సలహా. 19వ శతాబ్దంలో ఆ కమానుల గదిని రసాయన ప్రయోగశాలగా మార్చారు. రక్తానికి ఎర్రరంగునిచ్చే పదార్థానికి హీమోగ్లోబిన్ అని పేరుపెట్టిన ఫెలిక్స్ హోప్పె-జైలర్ ఇక్కడ పనిచేశాడు. ఆయన దగ్గరకు బాసెల్ నుంచి వచ్చిన ఫ్రీడ్రిక్ మీషర్ అనే పాతికేళ్లయినా నిండని వైద్యుడు, సమీప వైద్యశాల నుంచి చీము పట్టిన కట్లను తెప్పించి, వాటిలోని తెల్ల రక్తకణాల కేంద్రకాల నుంచి 1869లో ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. దానికి న్యూక్లిన్ అని పేరు పెట్టాడు. నేడు డీఎన్‌ఏ అంటున్నది దానినే. హోప్పె-జైలర్ ఆ ప్రయోగాలను స్వయంగా మళ్లీ చేసి చూసి, నిర్ధారించుకున్న తరువాతే 1871లో ప్రచురించనిచ్చాడు. ఆ గదిని ఇప్పుడు చిన్న మ్యూజియంగా తీర్చిదిద్దారు. జీవశాస్త్రం చదివే పిల్లలు వెంట ఉంటే ఇక్కడ వారికి తగినంత సమయం ఇవ్వండి.

ఈ కోటలో భారతీయ విద్యలకు కూడా చోటు దొరికింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం 19వ శతాబ్దమంతా దాదాపుగా కోటలోనే ఉండేది. 1856 నుంచి దానికి అధిపతిగా ఉన్న సంస్కృత పండితుడు రుడాల్ఫ్ ఫాన్ రోత్, మరో సంస్కృత పండితుడు బోట్‌లింక్‌తో కలిసి ఏడు సంపుటాల సంస్కృత-జర్మన్ మహానిఘంటువును 1855 నుంచి 1875 వరకు వెలువరించాడు. అథర్వవేదంలోని పైప్పలాద శాఖకు చెందిన కాశ్మీర భూర్జపత్ర ప్రతి ఆయన పరిశోధన కోసమే ట్యూబింగెన్ చేరింది.

అదే కాలపు మరో జ్ఞాపకం ఈశాన్య బురుజుది. ఇక్కడి ఖగోళ, గణిత ఆచార్యుడు బోనెన్‌బెర్గర్ అక్కడి ఖగోళ పరిశీలనశాలను మూలబిందువుగా తీసుకుని 1818 నుంచి వుర్టెంబర్గ్ దేశమంతటి భూసర్వే నడిపించాడు.

మ్యూజియంలో ఉన్న సేకరణ విస్తారమైనది. గ్రీకు, రోమన్ శిల్పాలు, గిజా నుంచి తెచ్చిన ఐదవ రాజవంశపు ఈజిప్టు సమాధి గది అన్నీ ఉన్నాయి. సమయం తక్కువగా ఉంటే మిగిలినవి వదిలేసి ఫోగెల్‌హెర్డ్ గుహలో దొరికిన మంచుయుగపు బొమ్మల దగ్గరకు వెళ్లండి. మామత్ అనే అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు దంతంతో సుమారు 40,000 ఏళ్ల నాడు చెక్కిన ఈ బొమ్మలు మానవజాతి చేసిన శిల్పాల్లో అత్యంత ప్రాచీనమైనవాటిలో చేరతాయి. 1931లో దొరికిన గుర్రం పొడవు 4.8 సెంటీమీటర్లు, 2006లో దొరికిన మామత్ పొడవు 3.7 సెంటీమీటర్లే. గుర్రం మెడ వంపును పక్క నుంచి, కొంచెం వంగి, దీపం వెలుగు పడే కోణంలో చూడండి. వీటిని కనుగొన్న గుహలను యునెస్కో 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మ్యూజియానికి కనీసం రెండు గంటలు ఉంచుకోవాలి, మూసే వేళకు గంట ముందు చేరితే ప్రయోజనం లేదు.

రాత్రి బస, మరునాడు

పాత పట్టణంలో హోటళ్లు తక్కువ, ధరలు ఎక్కువ. నెకార్ ఒడ్డున ఉన్న యూత్ హాస్టల్ కుటుంబాలకు కూడా గదులిస్తుంది, వంతెనకు దగ్గర కూడా. సాయంత్రం వేళ కింది పట్టణంలోని అమ్మర్ కాలువ పక్కన, ఒకప్పుడు ద్రాక్షతోటల రైతులు నివసించిన చెక్కచట్రాల ఇళ్ల సందుల్లో నడవడం హాయిగా ఉంటుంది.

మరునాటికి రెండు దారులున్నాయి. నడవగలిగినవారు కోట వెనుక నుంచి ష్పిట్జ్‌బెర్గ్ గట్టు మీదుగా అడవి దారిన పడమరకు సాగి, కవి ఊలాండ్ పద్యంతో ప్రసిద్ధమైన వుర్మ్‌లింగెన్ కొండగుడిని చేరవచ్చు. సుమారు ఐదు కిలోమీటర్ల నడక, తిరుగు ప్రయాణానికి కింది ఊరి నుంచి బస్సు దొరుకుతుంది. నీళ్లు వెంట తీసుకువెళ్లండి, దారిలో దుకాణాలు లేవు. నడవలేనివారు బస్సులో ఉత్తరాన ఉన్న బెబెన్‌హావుసెన్ మఠానికి వెళ్లాలి. 12వ శతాబ్దం చివర్లో మొదలైన ఈ సిస్టర్షియన్ క్రైస్తవ సన్యాసుల మఠం ఆవరణ చెక్కుచెదరకుండా నిలిచింది. వుర్టెంబర్గ్ చివరి రాజు రెండవ విల్‌హెల్మ్ సింహాసనం వదులుకున్నాక 1921లో చనిపోయే వరకు అక్కడే నివసించాడు. రెంటిలో ఒకటే వీలైతే, ఎండ కాసిన రోజున కొండగుడినీ, వాన రోజున మఠాన్నీ ఎంచుకోండి.

పిల్లలను ఇక్కడ చదివించే ఆలోచనతో చూడటానికి వచ్చే కుటుంబాలు ఫీజు లెక్క కూడా తెలుసుకుని ఉండాలి. ఐరోపా సమాఖ్య వెలుపలి దేశాల విద్యార్థుల నుంచి బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 శీతాకాల సెమిస్టర్ నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది, జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో ఈ రుసుము లేదు. విభాగాలు, ప్రధాన గ్రంథాలయం పాత పట్టణానికి ఉత్తరాన విల్‌హెల్మ్‌ష్ట్రాసె వెంబడి, విజ్ఞానశాస్త్ర భవనాలు ఇంకా పైన మోర్గెన్‌ష్టెల్లె కొండ మీద ఉన్నాయి. సెమిస్టర్ నడుస్తున్న పనిదినాన బస్సులో అక్కడికి వెళ్లి, విద్యార్థుల భోజనశాలలో అతిథి ధరకు భోజనం చేసి, మధ్యాహ్నపు రైలుకు స్టేషన్ చేరుకోవచ్చు. ఆ రాత్రే ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం ఎక్కవలసినవారు మాత్రం ఆలస్యాలను లెక్కలో పెట్టుకుని, అవసరమైన దానికన్నా ఒక రైలు ముందుదానికే బయలుదేరాలి.